“ఇంగేమాయ” : సటీకా తాత్పర్యము

మూలము: “తాతా, ఇంగేమాయ?”

అవతారిక: ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానకే నోచుకొన్న అనంతపురపు మెట్టసీమలో నుండి 2022లో శ్రీ సత్యసాయి జిల్లాకు మాఱినను కరవు మాత్రము మాఱని మా తనకల్లున, చెనక్కాయ పండిన యేడుకంటె ఎండిన యేడే లెక్క కెక్కువ యగుటచే నా కుమారుడు బెంగుళూరు చేరెను. ఒడిలో కథ వినుచు నిదురించు మనుమరాలును వెంట పోయెను. ఈ నడుమ ఆమెకు నెలకొక సాహసగాథ వ్రాసి తపాలాలో పంపుచుంటిని. నాలుగవది చదివి ఆ బాలిక ఫోనులో పలికిన మహావాక్యమిది.

టీక: తాతా = ఓ తాతా (సంబోధనము; ఇందు కుశలప్రశ్న వెదుకరాదు, నా మోకాలి నొప్పి అప్రస్తుతము); ఇంగ = ఇంక, అటుపిమ్మట; ఏమాయ = ఏమయ్యెను? ఇంగ, ఏమాయ యనుచోట అకారసంధి. కథలో మాత్రము సంధి కుదుర్పరాదు. కుదిరినచో ఫోను రాదు. బెంగుళూరు బడిలో మూడేండ్లు చదివినను “ఇంగ”లోని మా సీమ గకారము చెడకుండుటకు నేను మురిసితినని వ్రాయుట టీకాధర్మము కాదు. మూలమున లేనిదియు అక్కఱ లేనిదియు వ్రాయనని మల్లినాథసూరి ప్రతిన పూనెను. ఆయన మనుమలు దూరదేశమున లేరు కాబోలు.

విశేషము: మా సీమలోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది, సుమా రయిదెకరములు. కొమ్మనుండి ఊడ దిగి, నేలనంటి వేరూని, తానే మానై ఆ కొమ్మనే మోయును. నా నాలుగవ కథలో ముగ్గురు పిల్లలు ఆ ఊడలనడుమ దారి తప్పిరి, లాంతరు ఆఱెను, ఒక ఊడ కదలెను. అచ్చట ఆపితిని. ఈ నేర్పు నాది కాదు. 1954లో “తోకచుక్క” ధారావాహిక మొదలుకొని, తన పేరైనను వేసికొనక, నెలనెలా నాయకుని ఆపదలో విడిచి చందమామ పాఠకులను నిద్రకు దూరము చేసిన దాసరి సుబ్రహ్మణ్యముగారిది.

శంక: “అంతా ఒక్కసారే వాట్సాప్‌లో పంపరాదా, మామా?” అని కోడలు.

సమాధానము: పంపరాదు. ఊడ ఏల కదలెనో నాకును తెలియదు.

తాత్పర్యము: ఓ తాతా, తరువాత ఏమి జరిగినది? అని భావము. అయిదవ కథ నిన్న తపాలా పెట్టెలో వేసితిని. ఊడ యింకను కదలుచునే యున్నది.