హ్యాండ్లింగు వచ్చింది, నడుం పోయింది

ఫిర్యాది: ఈ వ్యాసకర్త. ఇంటి యజమాని, కారు ఆర్‌సీ మీద పేరున్నవాడు, పెట్రోలు డబ్బులిచ్చేవాడు. ముద్దాయి: ఇతని ఏకైక పుత్రుడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ఆర్‌సీ మీద పేరు లేనివాడు. అభియోగం: ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే సెడాన్ కారును, ఇంటిల్లిపాదీ రైల్లో తిరుపతి వెళ్ళిన అదను చూసి, చక్రాలూ స్ప్రింగులూ విప్పించి, వాడి భాషలో 'సెట్ చేయించడం'.

ముందు కారు సంగతి రెండు ముక్కల్లో. 2014లో కొన్నాం. పెట్రోలు బండి. 15 అంగుళాల చక్రాలు, నేలకీ కారు పొట్టకీ మధ్య 165 మిల్లీమీటర్ల ఎడం, ముగ్గురు పట్టే వెనక సీటు, రెండు బియ్యం బస్తాలూ ఒక కొబ్బరికాయల సంచీ మింగే డిక్కీ. ఇన్నేళ్ళుగా మా అమ్మని ఆస్పత్రికీ, మా ఆవిడని రైతుబజారుకీ, నన్ను పెళ్ళిళ్ళకీ తిప్పుతూ వచ్చింది. దిగాక ఏనాడూ ఎవరూ "హ్యాండ్లింగు ఎలా ఉంది?" అని అడిగిన పాపాన పోలేదు. మావాళ్ళు దిగాక అడిగేది ఒక్కటే: "గొడుగు తీశారా?"

"నాన్నా, బండి రోల్ అవుతోంది" అన్నాడు ముద్దాయి. ఇంజన్లో ఏదో ట్రబులనుకుని కంగారుపడ్డాను. కాదట. మలుపు తిరిగేటప్పుడు బండి ఒళ్ళు పక్కకి వాలుతోందట. స్టీరింగు తిప్పిన క్షణానికీ బండి తిరిగిన క్షణానికీ మధ్య తేడా ఉందట. మేముండేది కూకట్‌పల్లిలో. సాయంత్రం ఆరు గంటలకి అక్కడి వై జంక్షన్లో ఏ కారైనా పక్కకి వాలాలంటే ముందు అది కదలాలి కదా! ఆ మాటే అన్నాను. "నీకు అర్థం కాదులే నాన్నా" అన్నాడు. ఈ వాక్యం కోర్టువారు ప్రత్యేకంగా నమోదు చేసుకోవాలి. మన ఇళ్ళల్లో పెద్ద ఖర్చులన్నీ దీంతోనే మొదలవుతాయి.

అర్థం కాదన్నాడు కాబట్టి పట్టుబట్టి అర్థం చేసుకున్నాను. టైరు పక్కన ముద్రించి ఉండే అంకెల్ని ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీవాళ్ళ సొంత లెక్కలనుకునేవాణ్ణి. మా పాత టైరు మీద 175/65 ఆర్ 15 అని ఉంది. 175 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో 65 శాతం, అంటే దాదాపు 114 మిల్లీమీటర్లు. 15 అంటే లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే అంకెల వరసలో మిల్లీమీటర్లూ, శాతాలూ, అంగుళాలూ కలిపేసిన ఘనుడెవరో గాని, మన స్థలాల రిజిస్ట్రేషను ఆఫీసులో ఉండాల్సినవాడు.

ముద్దాయి తెచ్చినవి 205/45 ఆర్ 17. రిమ్ము రెండంగుళాలు పెరిగింది. పక్కగోడ 92 మిల్లీమీటర్లకి దిగింది. మొత్తం చక్రం వ్యాసం మాత్రం 608 నుంచి 616కి, అంటే ఎనిమిది మిల్లీమీటర్లే పెరిగింది. అదే ఇందులో కిటుకు. రిమ్ము పెంచి రబ్బరు తగ్గిస్తే చక్రం మొత్తంగా అంతే ఉంటుంది, స్పీడోమీటరు పెద్దగా అబద్ధం చెప్పదు. ముల్లు 80 దగ్గరుంటే బండి 81లో ఉంటుందంతే. ఆ ఒక్క కిలోమీటరు మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా మాయమైన ఆ ఇరవై చిల్లర మిల్లీమీటర్ల గోడ మీద. అందులో ఉన్నది గాలి. మన రోడ్డుకీ మన వెన్నెముకకీ మధ్య ఉన్న మొట్టమొదటి స్ప్రింగు అదే.

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. 1888లో, బెల్‌ఫాస్టులో, జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు గట్టి చక్రాల మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి తొడిగాడు. అలాంటి గాలి టైరుకి రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నాడు గాని, లోకానికి అలవాటు చేసింది డన్‌లప్పే. అంటే ఒక తండ్రి కొడుకు ఒళ్ళు హూనం కాకూడదని పెట్టిన గాలిని, ఒక కొడుకు డబ్బులిచ్చి మరీ తండ్రి కిందనుంచి తీయించాడు. ఆ పశువైద్యుడు ఇప్పుడుంటే నా తరఫున సాక్ష్యం చెప్పేవాడు.

చక్రాలతో ఆగి ఉంటే ఈ ఫిర్యాదు ఇంటి గడప దాటేది కాదు. ముద్దాయి స్ప్రింగుల జోలికి వెళ్ళాడు. ముందు వైపు ఉండే ఏర్పాటుని మాక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు పుణ్యం. స్ప్రింగునీ షాక్ అబ్జార్బర్నీ ఒకే స్తంభంలో ఇరికించి చోటూ ఖర్చూ మిగిల్చాడు. 1950ల మొదట్లో ఫోర్డు కార్లలో వచ్చింది, ఇప్పుడు మన సెడాన్లలో దాదాపు అన్నిటికీ ముందు అదే. వెనక మాత్రం రెండు చక్రాల్నీ కలుపుతూ మెలిదిరిగే ఒక అడ్డదూలం ఉంటుంది, టార్షన్ బీమ్ అంటారు. చవక, దృఢం, డిక్కీకి చోటు మిగులుస్తుంది. కాకపోతే ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కబురు కుడి చక్రానికీ కొంత చేరుతుంది. మా అమ్మ కూర్చునేది సరిగ్గా ఆ దూలం పైన.

కంపెనీ స్ప్రింగులు తీసేసి 35 మిల్లీమీటర్లు పొట్టివీ, గట్టివీ వేయించాడు. బండి నేలకి దగ్గరైతే బరువు కేంద్రం దిగుతుంది, మలుపులో ఒరగడం తగ్గుతుంది. నిజమే, కాదనను. కాని పొట్టి స్ప్రింగుకి కిందకి దిగే చోటూ పొట్టే. పాత షాకుల మీదే కొత్త స్ప్రింగులు బిగించి, వెనక ముగ్గుర్నీ, డిక్కీలో బియ్యం బస్తానీ ఎక్కిస్తే వెనక సస్పెన్షను బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్కకి తగిలి ఆగిపోతుంది. అప్పుడిక స్ప్రింగూ లేదు, షాకూ లేదు. రోడ్డే నేరుగా వచ్చి పలకరిస్తుంది. ఆ పలకరింపు కటిభాగంలో మొదలై పళ్ళ సెట్టు దాకా వెళుతుందని మా అమ్మ వాంగ్మూలం.

పెద్ద చక్రం ఇంకో అపకారం కూడా చేస్తుంది. స్ప్రింగు కింద వేలాడే బరువు ఎంత తక్కువుంటే చక్రం అంత చురుగ్గా గుంతలోకి దిగి లేస్తుంది. 17 అంగుళాల అల్లాయ్ చక్రం అచ్చంగా మామూలు రకమైతే పాత 15 కంటే బరువే. తేలికగా ఉండాలంటే ఫోర్జింగు చేసిన రకం కొనాలి, దాని ధర వింటే గుండె వేరే రకంగా గుంతలో పడుతుంది. అంటే హ్యాండ్లింగు కోసం కొన్న వస్తువు హ్యాండ్లింగుకే అడ్డం. "చూడ్డానికి ఎంత బావుందో చూడు నాన్నా" అన్నాడు ముద్దాయి. అసలు కారణం అక్కడ నోరుజారింది. నమోదు చేసుకోండి.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ల దగ్గరికి వద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో దీనికో ప్రమాణం రాసిపెట్టింది. గుండ్రటి దిబ్బ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుంటే మా సెడాన్ నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీద నిలబడగలవు, పొట్ట తగలదు. ఎంతో ఆలోచించి రాసిన ప్రమాణం. మా కాలనీలో దాన్ని చదివినవారు లేరు. ఒక్కో వీధిలో ఎవరింటి ముందు వారు, ఎవరి కోపం కొద్దీ వారు, మిగిలిన సిమెంటుతో కట్టుకున్నారు. అరమీటరు వెడల్పు, ఎత్తు మాత్రం ప్రమాణాన్ని మించి. ముందు చక్రాలు దాటేశాక వెనకవి ఇంకా ఎక్కకముందు కారు పొట్ట దాని మీద కూర్చుంటుంది. 165 నుంచి 35 తీసేయండి. ఎనిమిది మిల్లీమీటర్ల వ్యాసం పెరిగింది కాబట్టి నాలుగు కలపండి. ఆ నాలుగు మిల్లీమీటర్లని ముద్దాయి తన వాదనలో ఘనంగా వాడుకున్నాడు: "చక్రం పెంచి ఎత్తు కూడా పెంచాను కదా!" మిగిలింది 134. అదీ ఖాళీ బండికి. నలుగురు ఎక్కాక ఎంతో, కాలనీ మూడో వీధి దిబ్బ మీద మా సైలెన్సరు గీసిన గీత చెబుతుంది. ఇప్పుడు ఆ వీధిలో మా అమ్మని దింపి, బండి దాటించి, మళ్ళీ ఎక్కించుకుంటున్నాం. కారు కొన్నది నడవలేని మనిషి కోసం.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ముద్దాయి పక్షం కూడా చెబుతాను. ఒక ఆదివారం తెల్లవారుజామున నన్ను ఔటర్ రింగ్ రోడ్డెక్కించాడు. 158 కిలోమీటర్ల రోడ్డు, గుంతలు లేవు, దిబ్బలు లేవు. 2023 నుంచి వేగపరిమితి 120. అక్కడ బండి నిజంగా మారిపోయింది. లేను మారితే ఊగలేదు, స్టీరింగు తిప్పీ తిప్పగానే తిరిగింది. పక్కగోడ పొట్టిదైతే మలుపులో తక్కువ మెలిపడుతుంది, అందుకే స్టీరింగు మాట వెంటనే వింటుంది. వెనక వైపు యాంటీ రోల్ బారు ఒకటి వేయించాడట. ఈ మొత్తం వ్యవహారంలో నేను మెచ్చిన వస్తువు అదొక్కటే. తిన్నగా వెళ్ళేటప్పుడు రెండు చక్రాలూ కలిసి లేస్తే అది కలగజేసుకోదు. బండి ఒక పక్కకి ఒరిగినప్పుడే మెలితిరిగి అడ్డుపడుతుంది. ఎవరి జోలికీ పోకుండా అవసరానికి మాత్రం ముందుకొచ్చే గుణం మా బంధువుల్లో కూడా అరుదు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల మలుపుల్లోనూ బండి బాగా పోయిందని ముద్దాయి మిత్రుల సాక్ష్యం. కావచ్చు. మేం అనంతగిరికి ఏడాదికోసారి వెళితే గొప్ప. మూడో వీధి దిబ్బ రోజుకి రెండుసార్లు వస్తుంది.

పోనీ చట్టం దగ్గరికి వెళదామని మోటారు వాహనాల చట్టం తిరగేశాను. సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకూ జైలు గాని, రెండూ గాని పడతాయని చేర్చారు. ఆశగా చదువుతూ పోయాను. శిక్ష ఎవరికి అంటే బండి యజమానికి. అంటే ఫిర్యాదు నాది, నడుం నొప్పి నాది, అధికారి ఎవరైనా ఆపి అనుమతి లేని మార్పే అని తేలిస్తే జరిమానా కూడా నాదే. చట్టం పుస్తకం మూసేశాను.

ఇక ప్రధాన సాక్షి. మూసాపేటలో మా పాత మెకానిక్కు. కారుని లిఫ్టు మీదికెక్కించి, టార్చి వేసి, ముద్దాయి విప్పించి పడేసిన పాత సామానంతా ఒకసారి తిరగేసి చూశాడు. "షాకులు ఎప్పుడో కారిపోయాయి సార్, చూడండి ఆయిలు. లోయర్ ఆర్మ్ బుష్‌లు పగిలాయి. టైర్లు చూశారా?" పాత టైరు పక్కన నాలుగంకెలు చూపించాడు: 3517. 2017లో 35వ వారంలో తయారైందని అర్థమట. రబ్బరు బండబారిపోయింది. అరుగుదల కనిపించకపోయినా పట్టు పోతుందట. "కంపెనీ సైజులోనే కొత్త టైర్లు, కొత్త షాకులు, బుష్‌లు వేసి, అలైన్‌మెంటు చేయిస్తే బాబుకి కావలసిన హ్యాండ్లింగులో ముప్పాతిక వంతు వచ్చేసేది సార్. అమ్మగారు కూడా హాయిగా కూర్చునేవారు." కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమని ఊరికే అనలేదు.

పైగా కొత్త టైర్ల లోపలి అంచు అప్పుడే అరగడం మొదలైంది. బండిని దించితే ముందు చక్రాలు పైభాగం లోపలికి వాలతాయి, దాన్ని కాంబర్ అంటారు. మా బండిలో దాన్ని సరిచేయాలంటే వేరే బోల్టులు కొనాలి. హ్యాండ్లింగు అనేది ఒక్కసారి కొనే వస్తువు కాదు, నెలనెలా పోషించాల్సిన శాల్తీ అని తేలింది. ఇప్పటిదాకా అయిన ఖర్చు ఎంతో ఇక్కడ రాయను. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

ఒక టైరు ఇప్పటికే ఒక గుంత అంచుకి కొట్టుకుని పక్కన బుడిపె తేలింది. రిమ్ముకీ గుంతకీ మధ్య నలిగి పక్కగోడ లోపలి దారాలు తెగితే అలా అవుతుంది. దానికి ప్యాచీ వేయడం కుదరదు, టైరే మార్చాలి. స్టెప్నీ తీద్దామంటే డిక్కీలో ఉన్నది పాత 15 అంగుళాల చక్రమే. మూడు 17లు, ఒక 15 మీద మియాపూరు నుంచి ఇంటికి వచ్చాం. ఆ దారిలో ముద్దాయి మౌనంగా ఉన్నాడు. బండి ఒక పక్కకి వాలింది గాని, రోల్ అవుతోందని మాత్రం అనలేదు.

కాబట్టి కోరేదేమంటే: పాత 15 అంగుళాల రిమ్ములకి కంపెనీ సైజు కొత్త టైర్లు వేయించాలి. కంపెనీ స్ప్రింగులు, కొత్త షాకులు, బుష్‌లు పడాలి. యాంటీ రోల్ బారుని అలాగే ఉంచుకోవచ్చు, దాని మీద మాకు కక్ష లేదు. 17 అంగుళాల చక్రాలు ముద్దాయి సొంత డబ్బుతో, సొంత పేరు మీద కొనుక్కునే కారుకి బదిలీ చేయాలి. పాఠకుల్లో సెడానూ, సంపాదిస్తున్న కొడుకూ రెండూ ఉన్నవారు దయచేసి ఈ కేసులో జ్యూరీగా కూర్చోండి. తీర్పు వచ్చేదాకా మధ్యంతర ఉత్తర్వు ఇది: ముందు సీటు మా అమ్మకి. స్టీరింగు నాకు. వెనక సీటు, దూలం మీద సరిగ్గా పడే ఆ మూల, ముద్దాయికి. ఆదివారం రైతుబజారుకి వెళుతున్నాం, మూడో వీధి మీదుగా.