జెండా పాట కాక

రాకెట్ కవరు జిప్పు సగం తీశానో లేదో, నెట్టు అవతలి నుంచి ప్రశ్న వచ్చి పడుతుంది. "ఎంతకు తెచ్చినవ్ తమ్మీ?"

ధర చెప్పేదాకా కాక రాకెట్‌ను ముట్టడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దగ్గర గుమస్తాగిరీ చేసిన చేతులవి. బస్తాలోంచి గుప్పెడు తీసి, పిసికి తేమెంతో, విరిచి గింజెంతో, కళ్లతోనే తాలెంతో చెప్పేవాడట. పని మానేశాక హనుమకొండలో మేం పొద్దున్నే షటిల్ ఆడుకునే షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. ఇక్కడ మిర్చి లేదు. రాకెట్లున్నాయి.

మార్కెట్లో జెండా పాట అని ఒకటుంటుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశికి అందరి ముందూ ధర పాడతారు. ఆ ధర ఆ ఒక్క రాశికే. తర్వాత వచ్చే ప్రతి రైతు బస్తాలోనూ ఏదో వంక, దానికింత కోత. మా రాకెట్లకు కాక చేసేదీ అదే. పేరు అలా వచ్చింది.

నాలుగు వందలంటే, "గా పైసలకు గింతకన్న ఏమొస్తది, ఆడుకో పో" అని ఆశీర్వదిస్తాడు. నాలుగు వేలంటే, చూడకుండానే "ముంచిండ్రు" అంటాడు. చిక్కంతా పన్నెండు వందల వాళ్లకే. ఫుట్‌పాత్ మీద అమ్మేవాడు వాళ్లకు డూప్లికేట్ అని చెప్పి ఉండడు. "కంపెనీది కాదు గానీ కంపెనీ లెక్కనే" అని ఉంటాడు. వాళ్ల రాకెట్లకే పూర్తి పరీక్ష.

మొదటిది చప్పుడు. మా అమ్మ ఎండాకాలం కుండ బేరమాడినట్టు, వేలి కణుపుతో షాఫ్టు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఠంగుమంటే ఇనుము, టక్కుమంటే కార్బన్. తప్పనలేం. కానీ చవక రాకెట్లో ఉక్కు షాఫ్టునూ అల్యూమినియం ఫ్రేమునూ కలిపే టీ ఆకారపు అతుకు బయటికే కనిపిస్తుంది. పూర్తి కార్బన్‌దైతే అతుకు లోపలే ఉండిపోతుంది. తట్టక్కర్లేదు, చూస్తే చాలు. చూసి చెప్తే కాక గొప్పేముంది?

రెండోది తూకం. యోనెక్స్ రాకెట్ మీద 4యూ అని ఉంటే 80 నుంచి 84 గ్రాములని అర్థం. కాక ఒకరి రాకెట్‌ను తెలిసిన కంసాలి దగ్గరికి మోసుకెళ్లి, త్రాసులో పెట్టించాడు. తరుగెంత తియ్యాలని కంసాలి అడిగాడట. 92 వచ్చింది. "డూప్లికేట్!" గట్టింగ్, పైన చుట్టిన గ్రిప్పు తీసేసి తూచాలి కదా కాకా అన్నాను. "మిర్చి తూచేటప్పుడు బస్తా బరువు తీసేస్తరు, నాకు తెల్వదా?" అని కసిరాడు. తీసేసి తూచలేదు మాత్రం.

హోలోగ్రామ్ స్టిక్కరంటే ఆయనకు చులకన. "రాకెట్ చేసినోనికి స్టిక్కర్ చెయ్యరాదా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక రోజు మాతో ఆడే బ్యాంకాయన రాకెట్ మీది సీరియల్ నంబరూ లెక్చరర్ గారి రాకెట్ మీది నంబరూ పక్కపక్కన పెట్టి చదివించాడు. అంకె పొల్లుపోకుండా ఒకటే. ఊళ్లు వేరు, దుకాణాలు వేరు, రాకెట్లు మాత్రం కవలలు. ఆ పూట చాయ్ పైసలు కాకే ఇచ్చాడు, అంత సంతోషం.

అసలు యోనెక్స్ కంపెనీ కథ వింటే కాక ఇంకా సంతోషిస్తాడు. 1946లో జపాన్‌లో యోనెయామా అనే ఆయన చేపల వలలకు చెక్క బెండ్లు చేస్తూ మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ బెండ్లొచ్చి ఆ బేరం మునిగింది. 1957లో రాకెట్లకు దిగాడు, అదీ ముందు ఇతర కంపెనీల పేర్లతో. సొంత పేరు వేసుకోవడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు ఊరూరా ఆయన పేరు ఇతరులు వేసుకుంటున్నారు.

ఆట నిబంధనలు రాకెట్‌ను అడిగేది కూడా పెద్దగా ఏం లేదు. పొడవు 680, వెడల్పు 230 మిల్లీమీటర్లు మించొద్దు. ఒరిజినల్ అయ్యుండాలని ఎక్కడా లేదు. కాక రాకెట్ ఈ నిబంధనకు సరిగ్గా లోబడి ఉంటుంది. కవరుతో జతగా అమ్మే అల్యూమినియం రకం, ఫ్రేము దోసకాయలా ఒక పక్కకు వాలింది. దాంతోనే నెట్టు దగ్గర నిలబడి మణికట్టు ఇంత తిప్పి డ్రాప్ వేస్తే, నాలుగు వేల రాకెట్లవాళ్లు బోర్లా పడతారు.

పోయిన నెల డాలస్‌లో ఉండే కొడుకు, ఇండియాకొస్తున్న దోస్తుతో ఒక రాకెట్ పంపాడు. కాక తట్టాడు. టక్. తూచాడు. 91. నంబరుంది, దానికి కవల దొరకలేదు. ఇక ధర ఒక్కటి తెలియాలి.

"బిల్లు లేదు. ఫోన్ల ఎంతరా అనడిగితే, 'నీకెందుకు బాపూ, ఆడు' అంటడు."

రెండు వారాలుగా కవర్లోంచి తీస్తాడు, తడతాడు, పెట్టేస్తాడు. ఆడింది లేదు. ఇతరుల రాకెట్ల జోలికీ రావడం లేదు. నిన్న నన్ను పక్కకు పిలిచి చేతికిచ్చాడు.

"నువ్వు జూడు తమ్మీ. ఎంతుంటదంటవ్?"

నేను వేలి కణుపుతో షాఫ్టు మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాను.