తాడాటకు తలకిందుల సలహాలు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల చాలా బడుల్లో ఆటస్థలమంటే గోడల మధ్య సిమెంటు నేల. పీఈటీ పీరియడ్‌లో తలా ఒక స్కిప్పింగ్ తాడిచ్చి ‘వంద కొట్టండి’ అంటాం. దానివల్ల దమ్ము పెరుగుతుంది. చురుకు పెరగాలంటే అది చాలదు. ఎదురుగా మారుతున్నదాన్ని కనిపెట్టి, వెంటనే ఒంటిని మళ్లించుకోవడమే చురుకు. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ తయారుచేసిన షటిల్ క్రీడాకారుల ఆటంతా దానిమీదే నడుస్తుంది. చిన్న తరగతుల పిల్లలకు దాన్ని ఒక్క తాడుతో నేర్పవచ్చు. అందుకు అలవాటైన పద్ధతులను తిరగేయాలి.

1. తాళ్లు తగ్గించండి. ఆరేడుగురికి కలిపి నాలుగైదు మీటర్ల లావుపాటి నూలుతాడు ఒకటి చాలు. ఇద్దరు తిప్పుతారు, మిగతావాళ్లు వంతులవారీగా దూకుతారు. వంతుకోసం ఆగినవాళ్లు నిలబడ్డచోటే తాళానికి తగ్గట్టు కాళ్లు కదపాలి.

2. మొదట తాడు తిప్పకండి. నేలమీద పాములా ఆడించి దాటమనండి. తర్వాత ఊయలలా ఊపండి. ఒకటి, రెండు తరగతులవాళ్లను ఇక్కడే చాలాకాలం ఉంచినా నష్టం లేదు.

3. లెక్క మానండి. తిరిగే తాడులోకి వెళ్లడం, ఒక్కసారి దూకడం, తగలకుండా బయటపడడం: చురుకు పెరిగేది ఇక్కడే. తాడు ఎదుటినుంచి కిందికి దిగి నేలను తాకిన క్షణమే పరుగెత్తమనండి. అలా వెళ్లిరావడం అలవాటయ్యాక చప్పట్లు కొట్టి, ఏ వైపు బయటికి రావాలో అప్పటికప్పుడు చూపండి.

4. తాడు తగిలినా ఔట్ చెయ్యకండి. ఎక్కువ సాధన అవసరమైన పిల్లను పక్కన కూర్చోబెడితే ఎప్పుడు నేర్చుకుంటుంది? వెంటనే మళ్లీ పంపండి. తిప్పే పనిని శిక్షగా కాక అందరికీ వంతుగా ఇవ్వండి. ఇద్దరి చేతులకూ ఒకే లయ కుదరడం కూడా విద్యే.

5. ఎత్తు ఎగరనివ్వకండి. రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే చాలు. మునివేళ్లమీద, మోకాళ్లు కాస్త వంచి దిగాలి. సిమెంటు నేలైతే బూట్లు వేయించండి, కొద్దిసేపు ఆడించి విశ్రాంతినివ్వండి. ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి పీరియడ్‌లోనే ముగించండి.

6. మగపిల్లలను వదలకండి. తాడాట ఆడపిల్లలదని తప్పించుకోనివ్వకండి. బాక్సర్ల రోజువారీ సాధనలో తాడు తప్పనిసరి. రెండు తాళ్లు ఎదురెదురుగా తిప్పే డబుల్ డచ్‌ను 1973లో న్యూయార్క్‌లో పోటీ క్రీడగా మలిచింది డేవిడ్ వాకర్, యులిసిస్ విలియమ్స్ అనే ఇద్దరు పోలీసు డిటెక్టివ్‌లు.

పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. బడి పీరియడ్ ఒక్కటే అందుకు చాలదు. పిల్లలు సాయంత్రం అపార్ట్‌మెంట్ ఆవరణలోనూ తాడు పట్టాలంటే ఈ ఆట వాళ్లకు నచ్చాలి. అందుకే తల్లిదండ్రుల సమావేశం రోజు వంద కొట్టిన పిల్లకంటే ముందు, తిరిగే తాడులోకి బెదరకుండా వెళ్లి వచ్చిన పిల్లను మెచ్చుకోండి.