పేరు పట్టే జాగ

డిచ్‌పల్లి మండలంలో ఏ ఊరి చౌరస్తాలోనైనా పొద్దు గూకే వేళ గుడ్డసంచి భుజాన వేసుకొని ఒక మనిషి వస్తుంటే, హోటల్ ముందు కూర్చున్నవాళ్లలో సగంమందికి ఉన్నట్టుండి ఇంటి పనులు గుర్తొస్తాయి. ఆయన చందాల మనిషి. వినాయక చవితి పిల్లలైతే ఏడాదికోసారి గుంపుగా వచ్చి, రశీదు చింపి చేతిలో పెట్టి పోతారు. ఈయన ఏడాది పొడుగునా వస్తాడు, ఒక్కడే వస్తాడు, చాయ్ తానే చెబుతాడు, వానల సంగతి, పసుపు ధర సంగతి మాట్లాడి అసలు విషయానికి రావడానికి పావుగంట తీసుకుంటాడు. ఊరు ఆయన్ని అక్షరాల సారు అంటుంది. రిటైరైన టీచరు కావచ్చు, పోస్టాఫీసులో పనిచేసి దిగినవాడు కావచ్చు, ఎల్‌ఐసీ ఏజెంటూ కావచ్చు. ఏజెంటైతే చౌరస్తా ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. పెద్దవాళ్లకు రాత్రి బడి నడపడం ఆయన పని. దానికి జీతం లేదు, ఆర్డరు లేదు, ఆపమని చెప్పే అధికారీ లేడు. సంచి బోర్లిస్తే రశీదు పుస్తకం, చాక్‌పీసుల డబ్బా, పాత పేపర్లో చుట్టిన బల్బు, నాలుగైదు కళ్లజోళ్లు, మడతపెట్టిన శాలువా ఒకటి రాలతాయి. జనం ఆ శాలువాను చూసి నవ్వుతారు. నా లెక్క ప్రకారం ఆ సంచిలోని మిగతా వస్తువులన్నీ ఆ శాలువా పుణ్యాన బతుకుతున్నాయి.

చందాల లోకం ఒకే ఒక్క సూత్రం మీద నడుస్తుంది: పేరు పట్టే జాగ ఎక్కడుంటే పైసలు అక్కడికి పోతాయి. సీలింగు ఫ్యానుకు మూడు రెక్కలుంటాయి కాబట్టి దాత పేరు ఒకదాని మీద, తండ్రి జ్ఞాపకార్థం ఒకదాని మీద, ఊరి పేరు ఒకదాని మీద రాయించవచ్చు. గోడగడియారంలో ఫొటో కూడా పడుతుంది. సిమెంటు బెంచీకి వీపంతా పేరే. అందుకే రాత్రి బడిలో చదువుకునేవాళ్లు పదిమందైతే బెంచీలు పన్నెండు. కొరత వచ్చేది చాక్‌పీసుకు, బల్బుకు, పాఠం చెప్పే పిల్ల ఆటో కిరాయికి, అన్నిటికంటే ముందు కళ్లజోడుకు. వచ్చేవాళ్లలో నలభై దాటినవాళ్లు తక్కువేమీ కాదు, ఆ వయసుకు ఎవరికైనా దగ్గరి చూపు మందగిస్తుంది. వాచకాన్ని మూరెడు దూరం పెట్టి, మొహం ఇంకో జానెడు వెనక్కి లాగి, "నాకు సదువు రాదు బిడ్డా, ముసల్దాన్నైన" అని లేచిపోయే అవ్వకు కావలసింది ఓపికున్న గురువు కాదు, రెండు పవరు జోడు. సూదిలో దారం ఎక్కకపోతే చూపు తగ్గిందంటాం. 'ప'కీ 'వ'కీ తేడా కనబడకపోతే బుర్ర లేదంటాం. కానీ కళ్లజోడు మీద పేరెక్కడ రాయిస్తారు? చెవికి తగిలించే పుల్ల మీద రాయిస్తే అది కాస్తా వెంట్రుకల్లో కలిసిపోతుంది. చదువు చెప్పడానికి అన్నిటికంటే అవసరమైన వస్తువుకే పేరు పట్టే జాగ లేకపోవడం అక్షరాల సారు వృత్తికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

పేరు కోసం ఇచ్చేది దానమెట్లయితది, గుప్తదానమే దానం అని గట్టిగా అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సాధారణంగా వాళ్లు రెండూ చేయరు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు, కానీ గుప్తదానం హుండీకే పోతుంది, ఎందుకంటే అక్కడ లెక్క రాసుకునేవాడు పైన ఉన్నాడని నమ్మకం. అక్షరాల సారు పైన ఉన్నది బడి రేకులే. అయినా డిచ్‌పల్లిలోనే ఈ వాదానికి బలమిచ్చే ఉదాహరణ ఒకటుంది, దాచడం న్యాయం కాదు. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1911లో నిజామాబాద్‌లో కుష్ఠురోగులకు వైద్యం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లు పెరిగి జాగ చాలకపోతే రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళమిచ్చాడు, 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి లేచింది. దానికి పెట్టిన పేరు విక్టోరియాది, అప్పటికి పద్నాలుగేళ్ల కిందనే కన్నుమూసిన రాణిది. దానం ఒకరిది, పేరు ఇంకొకరిది, రోగం మూడో మనిషిది. ముగ్గురికీ గొడవ రాలేదు. ఒప్పుకుంటాను, అట్లాంటివాళ్లుంటారు. కానీ నర్సాగౌడ్ లాంటివాళ్లు నూరేళ్లకొకరు పుడితే, బడిలో బల్బు మూడు నెలలకోసారి మాడుతుంది.

కాబట్టి సారు చేసే పని రసవాదం. పేరు పట్టే వస్తువుకు వచ్చిన పైసలను పేరు పట్టని వస్తువులుగా మారుస్తాడు. దాత ఫ్యాను ఇస్తానంటే వద్దనడు, "మీరెందుకు తిరుగుతరు పటేలా, నేనే తెస్త" అని పైకం తీసుకుంటాడు. నిజామాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, బిల్లుతో సహా ఫ్యాను తెచ్చి, పెయింటరుతో పేరు రాయించి తిప్పి చూపిస్తాడు. రశీదులో మాత్రం 'ఫ్యాను, వగైరా' అని ఉంటుంది. చదువు మొత్తం ఆ వగైరాలోనే ఉంది. కళ్లజోళ్లు, పలకలు, కిరాయి, పరీక్ష రోజు ఉప్మా అన్నీ దాని కడుపులోంచే వస్తాయి. ఇది మోసం కాదా అని అడగవచ్చు. లెక్కల పుస్తకం తెరిచి చూపించమంటే సారు తెరుస్తాడు, అందులో అణాపైసలతో అన్నీ ఉంటాయి. ఇంతవరకు ఏ దాతా అడగలేదు, అంతే. దాతకు కావలసింది లెక్క కాదు, మైకులో పేరు, భుజాన శాలువా, ఫొటో. అవి ముట్టాక ఆయన శాలువాను కుర్చీలోనే మరిచిపోయి పోతాడు, సారు దాన్ని మడిచి మళ్లీ సంచిలో పెడతాడు. దుబాయ్ నుంచి పంపే దాతతో ఇంకా సులువు: ఆయనకు శాలువా కూడా అక్కర్లేదు, వాట్సాప్‌లో ఫొటో చాలు. పైగా ఎందుకివ్వాలో ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేదు. అరబీ కాగితాల మీద ఏముందో తెలియకుండా సంతకం పెట్టినవాడికి నిరక్షరాస్యత అంటే ఏమిటో డిగ్రీ చదివినా తెలుస్తుంది. ఇక చందాకు కాలం కుదరడమూ ముఖ్యమే. 2015 చివర్లో బోధన్ నిజాం షుగర్స్ మూతపడే దాకా ఆ వైపు చెరకు బిల్లు చేతికొచ్చే రోజులు లెక్కేసేవాళ్లు. ఇప్పుడు నిజామాబాద్ యార్డుకు పసుపు దిగే ఎండాకాలం ముందు నెలలే సారుకు పంటకాలం.

దాతను మెప్పించడం తేలిక, వాలంటీరును నిలబెట్టడం కష్టం. 2006లో పెట్టిన తెలంగాణ యూనివర్సిటీ డిచ్‌పల్లిలోనే ఉంది కాబట్టి చదువుకున్న పిల్లలకు కరువు లేదు. ఎటొచ్చీ వాళ్లందరూ ఎక్కడికో పోయే దారిలో ఉన్నవాళ్లు. గ్రూప్-4 నోటిఫికేషన్ పడితే ఒకడు మాయం. కానిస్టేబుల్ ఉద్యోగాలు పడితే ఇద్దరు తెల్లారగట్ల రోడ్డు మీద పరుగులు తీసి, సాయంత్రం బడిలో కునుకు తీస్తారు. మాఘమాసం వస్తే అమ్మాయిలకు సంబంధాలు కుదురుతాయి. 'ఒకరు ఒకరికి నేర్పాలి' అనే నినాదం గోడల మీద గంభీరంగా ఉంటుంది గానీ, అది పుట్టిన తీరు తెలిస్తే సారుకు కాస్త ఊరట. ఫిలిప్పీన్స్‌లోని లనావోలో ఫ్రాంక్ లాబాక్ అనే మిషనరీ 1930లో పెద్దల చదువు మొదలుపెట్టాడు. ఆర్థిక మాంద్యం దెబ్బకు చందాలు ఆగిపోయి టీచర్లకు జీతాలివ్వలేని స్థితి వచ్చింది. అప్పుడు అక్కడి నాయకుడొకడు లేచి, నేర్చుకున్న ప్రతివాడూ ఇంకొకడికి నేర్పాల్సిందే, లేకపోతే చంపేస్తానన్నాడంటారు. అంటే ప్రపంచమంతా తిరిగిన ఆ ఆదర్శం దాతలు చేతులెత్తేసిన రోజు పుట్టింది. మన సారుకు అదే పరిస్థితి ఉంది, చంపేస్తానని బెదిరించే సౌకర్యం ఒక్కటే లేదు. అందుకని సర్టిఫికెట్టు ఇప్పిస్తానంటాడు, సభలో పేరు చదివిస్తానంటాడు. ఇక్కడా పేరే.

పేరు పిచ్చి దాతలకు, వాలంటీర్లకే అనుకుంటే పొరపాటు. చదువుకోవడానికి వచ్చే అక్క మొదట అడిగేదీ అదే: "సారూ, దస్కతు నేర్పు." అచ్చులూ హల్లులూ తర్వాత. 2011 జనగణనలో అప్పటి నిజామాబాద్ జిల్లాలో అక్షరాస్యత 61 శాతం, ఆడవాళ్లలో సగానికి కాస్త పైన. ఆ మిగిలిన సగంలో బీడీలు చుట్టే చేతులు చాలా ఉన్నాయి. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి అని కళ్లు మూసుకొని లెక్క చెప్పే మనిషికి వాలంటీరు పిల్ల వచ్చి ఒకటి నుంచి నూరు దాకా అంకెలు చెబుతుంటే, ఆమె మర్యాద కొద్దీ వింటుంది. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ అక్షరాస్యులంటే ఎవరో కొలత పెట్టింది: నిమిషానికి ముప్ఫై మాటలు చదవాలి, చూసి ఏడు మాటలు రాయాలి, చెబితే అయిదు మాటలు రాయాలి. మంచి కొలతే. కానీ ఆ అక్క కొలత ఒకే ఒక్క మాట, తన పేరు. అది వచ్చిన మర్నాటి నుంచి ఆమె బడిలో కనబడదు. అక్షరాల సారుకు పేరే ఎర, పేరే గండం. అందుకే తెలివైన సారు ముందు ఇంటిపేరు నేర్పుతాడు, ఆ తర్వాత భర్త పేరు, పిల్లల పేర్లు, మనవడి పేరు నేర్పుతాడు. ఆమె అసలు పేరును ఆఖరుకు దాచి, ఈలోపు వర్ణమాల ముగించేస్తాడు. మనవళ్లు ఎక్కువున్నవాళ్లకు ఒత్తులు బాగా వస్తాయి.

ఇంత తిప్పలెందుకు, ఇది సర్కారు పని కదా అంటే, అవును, సర్కారు పనే. సర్కారూ చేసింది. 2009లో సాక్షర భారత్ వచ్చింది, పంచాయతీకొక వయోజన విద్యా కేంద్రం, నెలకు రెండు వేలతో ఇద్దరు కోఆర్డినేటర్లు. 2018 మార్చితో అది ముగిసింది. బీరువాలు మిగిలాయి, వాటి మీద పథకం పేరూ మిగిలింది. 2022 నుంచి నడుస్తున్న ఉల్లాస్ పథకంలో చెప్పేవాళ్లంతా పూర్తిగా స్వచ్ఛందమే, అంటే సర్కారు కూడా చివరికి అక్షరాల సారు దారికే వచ్చింది. సర్కారు పైసలకు లేని చిక్కు దాతల పైసలకు ఒకటుంది, అది కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో రాత్రి బళ్లకు పోయిన ఆడవాళ్లు వాచకంలో కథలు చదివి, దూబగుంటలో సారా దుకాణం మూయించి, 1993 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా తెచ్చారు. ఇక్కడ కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు (వీడీసీలు) బెల్టుషాపులను వేలం వేస్తున్నాయని పేపర్లలో వస్తూనే ఉంటుంది. అట్లాంటి పైసల్లోంచి రాత్రి బడికి చందా ఇస్తే తీసుకోవచ్చా? శుద్ధవాదులు వద్దంటారు. సారు మాత్రం వాచకం తిరగేసి, సారా పాఠం ఎన్నో పేజీలో ఉందో చూసుకొని, దానికి ముందు నెలే తీసుకుంటాడు. ఈ విషయంలో నేను సారు పక్షమే.

ఫోన్లో మాట్లాడితే పనైపోయే కాలంలో ఇంకా చదువెందుకనే ప్రశ్న కుర్రవాళ్లది. చేతిలోకి ఫోనొచ్చాక చదవాల్సినవి తగ్గకపోగా పెరిగాయి. ఓటీపీ ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పొద్దో తెల్లతెరమీద ఆరు అంకెల పక్కన రాసి ఉంటుంది, దాన్ని చదివిపెట్టమని ఇచ్చేది తరచుగా అడగకూడని మనిషికే. అసలు నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది. ముప్ఫై ఏళ్లపాటు ఏలిముద్ర సిగ్గుచేటని ఊరూరా పాటలు పాడించారు. ఆ పాటలు విని దస్కతు నేర్చుకున్న అవ్వ రేషన్ దుకాణానికి పోతే, ఆమెనూ పక్కనున్న లెక్చరర్‌నూ కలిపి వేలు పెట్టమంటుంది మిషను. ఏళ్ల తరబడి ఆకు కత్తిరించి, నాట్లేసి, బట్టలుతికి గీతలు అరిగిన ఆ వేలును మిషను గుర్తుపట్టదు. లెక్చరర్ వేలు మొదటిసారికే పడుతుంది.

సెప్టెంబర్ 8, అక్షరాస్యతా దినోత్సవం. ఆ రోజు సారు సంవత్సరం పొడుగునా చేసిన రసవాదమంతా వేదిక ఎక్కుతుంది. వెనక ఫ్లెక్సీ, దాని మీద దాత నిలువెత్తు ఫొటో, కింద పెద్దక్షరాల్లో బిరుదు. 'విద్యాదాత' అని రాసిస్తే ఫ్లెక్సీ కొట్టేవాడు 'విద్యాధాత' అని కొట్టడం ఈ జిల్లాలో ఆనవాయితీ. ధాత అంటే బ్రహ్మ కాబట్టి దాత అభ్యంతరం చెప్పడు, చెప్పాలంటే ఆయనకు తెలియాలి కూడా. మైకులో ఉపన్యాసం నడుస్తుంటుంది. ముందు వరసలో కూర్చున్న బీడీల అక్క వేలితో గాల్లో ఒక్కో అక్షరం గీసుకుంటూ ఫ్లెక్సీ చదువుతూ వచ్చి, సగంలో ఆగి, పక్కనున్న సారుకు వినబడేట్టు అంటుంది: "సారూ, గిండ్ల 'ద'కు కింద ఒత్తెందుకు పెట్టిన్రు? ఎక్కువైంది గద." సారు శాలువా మడత విప్పుతూ ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమె పెట్టుకున్న రెండు పవరు జోడు, ఆ దాత ఫ్యాను రశీదులోని వగైరాలోంచి కొన్నదే.