బండెక్కి వాకింగుకు

మన దగ్గర నడక రెండు రకాలు. పని మీద నడిస్తే దరిద్రం, పని లేకుండా నడిస్తే ఆరోగ్యం. సంతకి మూట నెత్తిన పెట్టుకుని వచ్చే ముసలమ్మని చూసి ‘పాపం, ఆటోకి డబ్బుల్లేవు కాబోలు’ అని జాలిపడే కొత్తవలస పెద్దమనిషే, తెల్లారితే బండెక్కి మైదానానికి పోతాడు. అక్కడ నాలుగు చుట్లు తిరిగి, మళ్లీ బండెక్కి, దారిలో పూరీ పొట్లం కట్టించుకుని ఇంటికి చేరతాడు. ఖర్చయింది పెట్రోలు, కరిగింది పెట్రోలు.

ఆయన చేతి గడియారం రోజుకి 10,000 అడుగులు వెయ్యమంటుంది. ఏ వేదంలోని అంకో అనుకుంటాడు పాపం. టోక్యో ఒలింపిక్స్ వేడి ఆరకముందే, 1965లో, అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి ఒక జపాన్ కంపెనీ పట్టుకున్న అంకె అది. ఆ దశకంలోనే మనవాళ్లు కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకి పంపడానికి. మనం ఇనుము పంపాం, వాళ్లు అంకె పంపారు. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్లకే మరణ ముప్పు బాగా తక్కువగా కనిపించింది, 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. అయినా మనవాడు రాత్రి పదింటికి మంచం మీద కూర్చుని చెయ్యి ఊపుతుంటాడు. లెక్క 9,600 దగ్గర ఆగిపోయిందట!

ప్రజలే ఇంత ఉత్సాహంగా ఉంటే ప్రభువులు ఊరుకుంటారా? 2019 ఆగస్టు 29న ఢిల్లీలో ‘ఫిట్ ఇండియా’ మొదలెట్టారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవమని విశాఖ ఆర్కే బీచి నుంచి మన జిల్లా భోగాపురం దాకా సుమారు 26 కిలోమీటర్ల పొడవునా చాపలు పరిచి, మూడు లక్షల మందిని కూర్చోబెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. సంతోషం. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వంచాలంది. అంటే ఏడాదికి 7,800. రికార్డు నాడు 45 అయ్యాయి. మిగతా 7,755 నిమిషాలకి బస్సులు ఎక్కడ ఆగుతాయో, టీషర్టులు ఎవరిస్తారో ప్రకటిస్తే జనం సిద్ధంగా ఉన్నారు.

చాపకి దొరికిన చోటు కాలికి దొరకదు. ఏ మండల కేంద్రానికైనా వెళ్లి చూడండి. రోడ్డు లారీది, రోడ్డు వార తోపుడు బండిది, కాలువ మీది పలక దుకాణం మెట్టుది. నడిచేవాడి వాటాకి ఆటోకీ లారీకీ మధ్య సందు మిగులుతుంది. అందులో ప్రాణాలతో నడిచి బయటపడితే అదే పెద్ద ప్రాణాయామం. ఇక బళ్లో డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారికి నైవేద్యం.

2000లో దేశంలో చాలినంత కదలని పెద్దలు 22 శాతం. 2022కి దాదాపు సగం అయ్యారని, ఆడవాళ్లలోనైతే 57 శాతమని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో లెక్క తేల్చింది. అవదూ మరి! కోడలు తెల్లారి నాలుగడుగులు వేద్దామని గుమ్మం దాటితే చాలు, ‘ఏటమ్మా, పొద్దున్నే ఎక్కడికెల్తన్నావు?’ అని వీధంతా ఆరా తీస్తుంది. ఎండలో ఉపాధి హామీ పనికెళ్లి మట్టి తవ్వొచ్చిన ఆడమనిషికేమో ఆరోగ్య శిబిరంలో ‘రోజూ వ్యాయామం చెయ్యమ్మా’ అని హితబోధ. ఆవిడకి కావలసింది కడుపునిండా తిండి, నడుం వాల్చడానికో గంట. బోధ అక్కర్లేని వాళ్లకి అందుతోంది, కావలసిన వాళ్లకి గుమ్మమే అడ్డం.

ఇదంతా జరుగుతున్నది ఎక్కడ? వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామ్మూర్తి నాయుడి సీమలో. ఆమదాలవలస పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన సీమలో. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఆడపిల్లలు ఇనుము ఎత్తే సీమలో. వాళ్లు బరువులెత్తారు, మనం ఫ్లెక్సీలెత్తాం. చప్పట్లు కొట్టడమే మన కసరత్తు.

1953లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని చూపాడు. ఆ కండక్టర్లకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, టీషర్టు పంచలేదు. బస్సులో మెట్లుండేవి, అంతే.

కాబట్టి ఏలినవారూ, ప్రబోధం చాలించి బాట వెయ్యండి. మైదానంలో సభలు మాని పిల్లల్ని ఆడనివ్వండి. డ్రిల్లు పీరియడు డ్రిల్లు మాస్టారికే ఒప్పగించండి. పెద్దమనుషులారా, వీధి చివర పాలప్యాకెట్టుకి బండి తియ్యకండి. ఇంటి ఆడవాళ్లు బయల్దేరితే తలుపు తియ్యండి, ప్రశ్నలు వెయ్యకండి. నడిస్తే పరువు పోతుందంటారా? పోయిన పరువు వారంలో తిరిగొస్తుంది. షుగరు ముదిరి పోయిన కాలు, రికార్డు పుస్తకం తిరగేసినా రాదు.