నింద మోసిన చెంబు

మాది హిందూపురం. కంచరి సుత్తి దెబ్బలు తిని పుట్టిన ఇత్తడి చెంబును నేను. జేజి పెళ్లికి సారెలో ఈ ఇంటికి వచ్చాను. మొదట్లో తాగేనీళ్లకు వాడారు. మూతి సొట్టపడ్డాక నీళ్లగదికి పంపేశారు. మర్యాద తగ్గిందే గాని పని తగ్గలేదు. రాగి కాగు, కింద పుల్లల పొయ్యి, పక్కన నేను. ఈ ఇంట్లో నా నీళ్లు నెత్తిన పడని వాళ్లు లేరు.

వారానికొకసారి తలంటు. పొగలు లేవకపోతే అది తలంటే కాదని జేజి నమ్మకం. మనవణ్ణి పీట మీద కూర్చోబెట్టి, నూనె పట్టించి, సీకాయతో రుద్ది, ఊపిరి తిప్పుకోనీకుండా చెంబు మీద చెంబు పోసేది. వాడు గోల చేసేవాడు. ఒక శనివారం గోల ఆగిపోయింది. చూపు గోడ మీద నిలిచిపోయింది. పెదాలు ఏవో పొంతన లేని మాటలు గొణిగాయి. "ఇంగా పొయ్యి జేజీ, ఇంగా పొయ్యి" అన్నాడు. ముద్దుగా అడుగుతున్నాడనుకుని జేజి ఇంకా పోసింది. అంతలో ఒళ్లు కొయ్యబారి పక్కకు ఒరిగాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి.

తాళాలగుత్తి చేతిలో పెట్టారు, ఉల్లిగడ్డ నలిపి వాసన చూపించారు. కాసేపటికి లేచి, ఏం జరిగిందో తెలియనట్టు అందరి మొహాలూ చూశాడు. తర్వాతి తలంటుకూ అంతే. మిగతా రోజుల్లో వీధిలో గోలీలాడే పిల్లవాడికి నీళ్లగదిలోనే ఎందుకు వస్తుంది? అక్కడ గాలి ఉందన్నారు. తాయెత్తు కట్టారు. చివరికి, ఈ చెంబు అచ్చిరాలేదని ఎవరో అనడంతో నన్ను అటకెక్కించి స్టీలు మగ్గు తెచ్చారు. మగ్గుతో పోసినా ఫిట్స్ వచ్చాయి. నాకు లోలోపల కొంచెం సంతోషమేసింది. నింద మోసినవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం.

ఆఖరికి రైలెక్కించి బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. తలకు తీగలంటించి ఈఈజీ తీస్తే అందులో ఏమీ కనబడలేదు. అంత పెద్ద యంత్రం చేతులెత్తేసిందని నాయన దిగులుపడ్డాడు. డాక్టరు మాత్రం ఆశ్చర్యపోలేదు. ఈ రకంలో మామూలప్పుడు తీసిన ఈఈజీ చాలామందికి బాగానే ఉంటుందట. ఆయన అడిగినవన్నీ స్నానం గురించే. తలమీద పోస్తేనే వస్తుందా, ఒంటిమీద పోసినా వస్తుందా? నీళ్లు ఎంత వేడి? దేంతో పోస్తారు, ఎంత వేగంగా పోస్తారు? "చెంబుతో సార్, గబగబా" అన్నాడు నాయన. ఆసుపత్రి చీటీలో నా ప్రస్తావన వచ్చిందని ఇంటికొచ్చి చెబుతుంటే, అటక మీద నుంచి విన్నాను.

మిగతాదంతా పిల్లవాడి అక్క పుణ్యం. డాక్టరు చదువుకెళ్లి, సెలవులకొచ్చినప్పుడు ఈ సంగతులే పదేపదే చెప్పేది. దీన్ని హాట్ వాటర్ ఎపిలెప్సీ అంటారట. న్యూజిలాండ్‌లో ఒక పిల్లవాడికి ఇలా వచ్చిందని 1945లో ఎవరో రాశారు. అదొక వింతగా మిగిలిపోయింది. బెంగళూరులో డాక్టర్ కె.ఎస్. మణి మాత్రం ఇది వింత కాదని కనిపెట్టారు. 1968లో తొలి నివేదిక ఇచ్చి, 1974 నాటికి 108 మంది వివరాలు ముందుపెట్టారు. తర్వాత నిమ్హాన్స్‌లో డాక్టర్ పి. సతీశ్‌చంద్ర దీన్ని పట్టుకుని వదల్లేదు. 1988లో ఆయన బృందం 279 మంది రోగుల సంగతులు ప్రచురించింది. దక్షిణ భారతంలో, ముఖ్యంగా పాత మైసూరు వైపు, ఇది ఎందుకింత ఎక్కువో అప్పటికి కొంత తేలింది. నలభై యాభై డిగ్రీల నీళ్లు, ఆగకుండా నెత్తిన. అంటే మా జేజి పద్ధతే. టర్కీలోనూ ఇలాంటి రోగులు చాలామంది ఉన్నారట. అక్కడా నీళ్లు ముంచి పోసుకునే అలవాటుంది, నా చుట్టం ఎవరో అక్కడా ఉండి ఉంటాడు.

ఎలుకల కథ విన్నప్పుడు మాత్రం బాధేసింది. వాటి నెత్తిన వేడినీళ్లు పోసి ఫిట్స్ తెప్పించి చూశారు. అలా పోస్తూ పోతే మెదడు ఆ దారికి అలవాటుపడి, రానురాను ఇంకా తేలిగ్గా ఫిట్స్ వచ్చేస్తాయట. జేజి వారం వారం చేసిందేమిటో నాకప్పుడు అర్థమైంది. "ఇంగా పొయ్యి" అన్న మాటకూ జవాబు దొరికింది. కొందరికి ఆ క్షణంలో ఏదో హాయి అనిపిస్తుందట, తామే ఇంకా ఇంకా పోసుకుంటారట.

మందు సంగతే నాకు అన్నిటికంటే నచ్చింది. ముందు నీళ్లు చల్లార్చండి, గోరువెచ్చగా పోయండి అన్నారు. అది చాలనివాళ్లకు తలంటుకు గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ మాత్ర. స్నానంతో పనిలేకుండా కూడా ఫిట్స్ వచ్చే కొందరికి మాత్రం రోజూ మందు తప్పదు. మావాడికి ఆ అవసరం రాలేదు. శాస్త్రవేత్త గొప్పదనాన్ని ఆయన పేపర్లను ఎందరు ఉదహరించారో లెక్కగట్టి తేలుస్తారని అక్క అంటుంది. నేనైతే ఇంకో లెక్క కూడా వెయ్యమంటాను. రోజూ మింగాల్సిన మాత్రలు ఎన్ని ఇళ్లలో తలంటు రోజుకు తగ్గాయో, ఎందరు పిల్లల మెడలో తాయెత్తు ఊడిందో చూడమంటాను. అది ఏ పత్రికలోనూ అచ్చవదు.

జేజిని ఒప్పించడం నిమ్హాన్స్ వల్ల కూడా కాలేదు. "సన్నీళ్లతో తలంటేందిరా, జలుబు చేస్తాది" అని పోరేది. అమ్మ నీళ్లలో మోచెయ్యి ముంచి చూసి, కాగు దగ్గరికి జేజిని రానివ్వకుండా నిలబడేది. నన్ను అటక దించింది కూడా అమ్మే. మగ్గుకంటే నాలో తక్కువ నీళ్లు పడతాయి, మెల్లగా పోయడానికి వీలని.

ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ వాళ్లు, నిమ్హాన్స్ డాక్టర్లు కలిసి అలాంటి ఇళ్లవాళ్ల రక్తం పరీక్షించి, పదో క్రోమోజోమ్‌లో ఒక చోటు అనుమానంగా ఉందని 2009లో చెప్పారు. మా ఇంట్లో దీని మీద గొడవే జరిగింది, ఎవరి వైపు నుంచి వచ్చిందని. నాయన అమ్మ పుట్టింటి వైపన్నాడు, అమ్మ జేజి వైపన్నది.

మొన్న దీపావళికి మడకశిర నుంచి వచ్చిన చిన్నాన్న, "మావాడు కూడా తలంటులో ఒక తీరుగా చూస్తాండాడు, ఆ మాత్రలు రెండు ఇయ్యమ్మా" అని అక్కనడిగాడు. అక్క ఇవ్వలేదు. "చూపించకుండా మాత్రలిచ్చేది లేదు చిన్నాయనా, సోమవారం రైలుకు బయల్దేరండి. పిల్లోనికి తలకు ఎట్ల నీళ్లు పోస్తారో పిన్నమ్మే చెప్పాల, ఆమెనూ పిల్చుకొని రండి" అన్నది.