ఇద్దరు దొరల మధ్య నేను

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి పరిగెత్తే పనేముంది? ఆవిడే పోతుంటుంది, మనం మెట్ల మీద కూర్చుని చూస్తుంటాం. యాభై రెండేళ్లు ఈ ధర్మాన్ని నిష్ఠగా పాటించాను. ఓ రోజు డాక్టరుగారు నా షుగరు రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు. అంతే, మావాడు హాఫ్ మారథాన్‌కి నా పేరిచ్చేశాడు.

తెల్లారగట్ల ఐదింటికి రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర, పొట్ట మీద నంబరు కాగితం నాలుగు పిన్నీసులతో గుచ్చుకుని నిలబడ్డాను. స్నానానికొచ్చిన ఓ ముసలాయన ఎగాదిగా చూశాడు.

"ఎందాకండీ?"

"ధవళేశ్వరం బ్యారేజీ మీదికెళ్లి మళ్లీ ఇక్కడికేనండి."

"ఇక్కడికే రావడానికి వెళ్లడం దేనికండీ?"

దారంతా జవాబు వెతికాను. దొరకలేదు.

ధవళేశ్వరం దాకా పరువుగానే వెళ్లాను. కాటన్ దొర 1852కల్లా ఆనకట్ట కట్టి డెల్టాకి అన్నం పెట్టాడు. ఆయన పేరు చెప్పి తర్పణం వదిలేవాళ్లున్నారు మా వైపు. ఆ ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ ఒక్క ముక్క కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు. హమ్మయ్య అనుకోగానే లంక, లంక దాటితే మళ్లీ వంతెన. మొత్తం 175 గేట్లు. లెక్కపెడుతుంటే ఆయాసం తెలీదన్నారు. నలభయ్యోదాని దగ్గర పాలక్యాన్ల మోపెడ్ ఆపి ఒకాయన, "ఎక్కుతారేంటండీ?" అన్నాడు. లెక్క తప్పింది. ఎక్కలేదనే ఇంట్లో చెప్పాను.

అసలు మారథాన్‌కి 42 కిలోమీటర్లు చాలక ఆ 195 మీటర్ల తోకేమిటి? 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర బయల్దేరి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ఆగేలా కొలిచారట. 1921లో అదే ఖాయమైంది. ఆ పాపంలో హాఫ్ వాళ్లకి సగం వాటా, 97 మీటర్ల చిల్లర!

తిరుగుదారిలో 21 అన్న బోర్డు కనబడగానే చేతులెత్తి అక్కడే చతికిలబడ్డాను. మంచినీళ్లిచ్చే కుర్రాడు, "బాబాయ్‌గారూ, ఇంకా కాస్తుందండీ" అన్నాడు. ఆ కాస్తలో కాటన్ దొరని మాత్రం ఒక్క మాట అనలేదు. తక్కిన దొరలెవర్నీ వదల్లేదు.

మెళ్లో పతకంతో ఘాట్ మెట్ల మీద కూలబడితే, పక్కన పొద్దుటి ముసలాయన. పంచె ఆరేసుకుని, ఇడ్లీ కానిచ్చి, టీ చప్పరిస్తున్నాడు.

"వచ్చేశారా? నేనిక్కడే ఉన్నానండి."